రొయ్యకి పరీక్ష ఉంది, చేతులకి లేదు

(ఏలూరులో మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సుకి నన్ను పిలిచినప్పుడు "స్త్రీలు - ఆరోగ్య హక్కులు" అన్న అంశం మీద మాట్లాడమన్నారు. కోళ్ళ గురించీ, చేపల గురించీ, వాటిలో ఉండే బాక్టీరియా గురించీ మాట్లాడతానని నేనన్నాను. ఫోన్లో అవతలివైపు కాసేపు మాట లేదు. తర్వాత, "మేడమ్, అది పశువుల డాక్టర్ల విషయం కదండీ" అన్నారు. అది పశువుల డాక్టర్ల విషయమే. కానీ వాళ్ళ ఒక్కళ్ళ విషయం కాదు, మన విషయం కూడా. ఎందుకు మన విషయమో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ఒక కాగితంతో మొదలుపెడతాను. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల కోళ్ళ ఫారాల్లో పనిచేసే స్త్రీల మధ్య నేను కొంతకాలంగా తిరుగుతున్నాను. వాళ్ళ కూలి రేట్లు, పని గంటలు నా పరిశోధన. ఒకరోజు ముప్పయ్యేళ్ళు దాటిన ఒకామె కవర్లో మడిచి దాచుకున్న ఒక రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టింది. అది మూత్రం కల్చర్ పరీక్ష. వరసగా మందుల పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా ఒక్కో అక్షరం. చాలా చోట్ల 'ఆర్' అని ఉంది, రెండు మూడు చోట్ల మాత్రం 'ఎస్'. "ఈ ఆర్ అంటే ఏంటండీ? ఆర్ ఎక్కువుంటే మంచిదాండీ?" అని అడిగింది.

ఆర్ అంటే రెసిస్టెంట్. ఆ మందుకి ఆమె ఒంట్లోని బాక్టీరియా లొంగదని అర్థం. ఏడాదిలో అది నాలుగోసారి మంట, జ్వరం. మొదట ఊళ్ళో ఆర్.ఎం.పి. ఇచ్చిన మాత్రలు, తర్వాత మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు, చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐదు రోజులు సూదులు. చెవి దుద్దులు తాకట్టులోకి వెళ్ళాయి. ఆసుపత్రిలో ఆమెని చాలా ప్రశ్నలే వేశారు. ఏ మాత్రలు వేసుకున్నావు, కోర్సు సగంలో ఆపేశావా, శుభ్రంగా ఉంటున్నావా, మీ ఆయన ఎలాంటివాడు. ఇన్ని అడిగినవాళ్ళు "నువ్వేం పని చేస్తావు?" అన్న ఒక్క ప్రశ్న అడగలేదు.

పదేళ్ళుగా ఆమె రోజుకి ఎనిమిది గంటలు కోళ్ళ మధ్యే ఉంటోంది. గుడ్లు ఏరుతుంది, మేత పోస్తుంది, చచ్చిన కోళ్ళని తీసి పారేస్తుంది, పెంట ఎత్తుతుంది. ఆమె జబ్బు ఆ షెడ్డులోంచే వచ్చిందని నేను అనడం లేదు. ఒక మనిషిని చూసి అలా తేల్చెయ్యడం శాస్త్రం కాదు. ఆ ప్రశ్న ఎవరూ వెయ్యకపోవడం వల్ల తెలుసుకునే దారే మూసుకుపోయిందని మాత్రం అంటున్నాను. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ అడగని ప్రశ్న గురించే.

ముందు ఈ 'లొంగకపోవడం' అంటే ఏమిటో చూద్దాం. మందుకి అలవాటుపడేది మన ఒళ్ళని చాలామంది అనుకుంటారు. అలవాటుపడేది ఒళ్ళు కాదు, బాక్టీరియా. యాంటీబయాటిక్ తగలగానే కోట్ల సంఖ్యలో బాక్టీరియా చచ్చిపోతుంది. ఆ మందుని తట్టుకునే గుణం ఉన్నవి ఏ కొన్నో మిగులుతాయి. పోటీ లేకపోవడంతో ఆ మిగిలినవే పెరిగి అంతటా నిండిపోతాయి. ఎక్కువ మోతాదు కొద్దిరోజులు ఇస్తే ఒక రకం, తక్కువ మోతాదు మేతలో కలిపి నెలల తరబడి పెడితే ఇంకో రకం. ఈ రెండో పద్ధతిలో బాక్టీరియాకి మనమే చేతులారా చదువు చెప్పిస్తున్నాం.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. పాలు తోడుపెట్టే మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తోడు అంటే బాక్టీరియాయే. చెంచాడు తోడు తెల్లారేసరికి గిన్నెడు పాలని పెరుగు చేస్తుంది. మనింట్లో తోడు అయిపోతే పొరుగింటికి గిన్నె పట్టుకుని వెళ్తాం. బాక్టీరియా కూడా మందుని తట్టుకునే గుణాన్ని ఒకదానికొకటి ఇలాగే ఇచ్చిపుచ్చుకుంటాయి. ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. చుట్ట ఒక బాక్టీరియా నుంచి ఇంకో బాక్టీరియాకి వెళ్తుంది. రెండూ ఒకే జాతివి కానక్కర్లేదు. కోడి పేగులో ఉండే ఏ హానీ చెయ్యని ఈ-కోలై తన దగ్గరున్న గుణాన్ని మనిషి పేగులో జబ్బు చేసే బాక్టీరియాకి ఇవ్వగలదు. ఒక్కో ప్లాస్మిడ్ మీద నాలుగైదు రకాల మందుల్ని తట్టుకునే గుణాలు కలిసే ఉంటాయి. అందుకే కోడికి ఒక మందు వాడితే మనిషికి నాలుగు మందులు పనిచెయ్యకుండా పోయే అవకాశం ఉంది.

కోళ్ళ మేతలోకి ఈ మందులు ఎలా వచ్చాయన్న కథకి మన ప్రాంతంతో విచిత్రమైన సంబంధం ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకి నాయకత్వం వహించారు. ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ల వరసలో అది మొదటిది. లోకానికి అది తెలిసిన 1948లోనే సుబ్బారావు గారు చనిపోయారు. ఆ తర్వాత అదే లెడర్లీలో స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ అనే ఇద్దరు, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకి పెట్టి చూశారు. వాళ్ళు వెతుకుతున్నది విటమిన్ బి-12 కోసం. పిప్పి తిన్న పిల్లలు మిగతావాటికంటే త్వరగా బరువెక్కాయి. ఆ ఫలితాన్ని 1950లో ప్రకటించారు. 1951లో అమెరికా ప్రభుత్వం పశువుల మేతలో యాంటీబయాటిక్స్ కలపడానికి అనుమతించింది. ప్రాణాలు నిలబెట్టడానికి పుట్టిన మందు అలా బరువు పెంచే సరుకయింది. భీమవరం బిడ్డ పర్యవేక్షణలో పుట్టిన మందు కొన్ని దశాబ్దాల తర్వాత మేత బస్తాల్లో గోదావరి జిల్లాలకి తిరిగొచ్చింది. దీనికి ఆయన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. ఒక మందు ఎవరి చేతిలో, ఏ లెక్కకి పనిచేస్తుందనేదే రాజకీయం.

ఇది ప్రమాదమని తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. 1969లో బ్రిటన్‌లో స్వాన్ కమిటీ, మనుషుల వైద్యానికి వాడే మందుల్ని పశువుల బరువు పెంచడానికి వాడొద్దని చెప్పింది. 1976లో స్టువర్ట్ లెవీ అనే అమెరికన్ డాక్టరు ప్రచురించిన పరిశోధన గురించి మనం తప్పక తెలుసుకోవాలి. బోస్టన్ దగ్గర ఒక రైతు కుటుంబం వాళ్ళ ఫారంలో కొన్ని కోళ్ళకి టెట్రాసైక్లిన్ కలిపిన మేత పెట్టారు. ఒకటి రెండు వారాల్లోనే ఆ కోళ్ళ పేగుల్లోని ఈ-కోలై దాదాపు అంతా ఆ మందుని తట్టుకునేదిగా మారిపోయింది. ఆరు నెలలు తిరిగేసరికి ఆ ఇంటి మనుషుల్లో కూడా అలాంటి బాక్టీరియా పెరిగింది. పొరుగు ఇళ్ళవాళ్ళలో అంతగా కనిపించలేదు. ఆ ఇంట్లోవాళ్ళు టెట్రాసైక్లిన్ మింగలేదు. మేతలో లేని ఇతర మందుల్ని తట్టుకునే గుణం కూడా ఆ బాక్టీరియాలో కనిపించింది. వాళ్ళు చేసిందల్లా కోళ్ళ దగ్గర పనిచెయ్యడమే. దాదాపు యాభై ఏళ్ళ కిందటే తెలిసిన విషయం ఇది. మందు తిన్నది కోడి, ఫలితం మోసింది కోడి పని చేసినవాళ్ళు.

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందున్న రాష్ట్రం. తాడేపల్లిగూడెం, తణుకు ప్రాంతాల నుంచి గుడ్ల లారీలు బెంగాల్, బీహార్, అస్సాం దాకా వెళ్తాయి. చేపల్లో కూడా మనమే ముందు. కొల్లేరు 1970ల దాకా వడ్డీలు వలేసుకుని బతికిన సరస్సు. బుడమేరు, తమ్మిలేరు దాన్లోకి వస్తాయి, ఉప్పుటేరు దాన్ని సముద్రానికి కలుపుతుంది. 1970ల్లో సహకార సంఘాల పేరుతో పేదలకి చేపల చెరువులు ఇచ్చారు. క్రమంగా పెట్టుబడి ఉన్నవాళ్ళు వాటిని లీజుకి తీసుకున్నారు. వలవేసినవాడు గట్టు మీద కాపలా కూలీ అయ్యాడు. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తించారు, 2006లో గట్లు తెగ్గొట్టారు. అయినా చెరువులు మళ్ళీ మళ్ళీ లేస్తూనే ఉన్నాయి.

కోళ్ళ ఫారానికీ కొల్లేటికీ మధ్య కాలవ లేదు. మధ్యలో నడిచేది లారీ. కోళ్ళ పెంట చేపల చెరువులకి ఎరువు. పెంట వేస్తే నీళ్ళలో నాచు, సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని తిని బొచ్చె, శీలావతి పెరుగుతాయి. ఇది పాత పద్ధతే, పనికొచ్చే పద్ధతే. కానీ మందులు తిన్న కోడి పెంటలో ఆ మందుల అవశేషాలూ ఉంటాయి, వాటిని తట్టుకునే బాక్టీరియా కూడా ఉంటుంది. బాగా మాగబెట్టకుండా పచ్చి పెంట చెరువులో పడితే రెండూ నీళ్ళలోకి వెళ్తాయి. దీనికి తోడు చికెన్ షాపుల వ్యర్థాలని, అంటే పేగులూ తలలూ, దొంగచాటుగా చేపలకి మేతగా వేస్తున్నారు. అధికారులు లారీలని పట్టుకున్న వార్తలు మీరూ చదివే ఉంటారు. పట్టణాల మురుగు నీరు కూడా ఆ సరస్సులోకే చేరుతుంది. కోడి బాక్టీరియా, చేప బాక్టీరియా, ఆసుపత్రి వార్డులోంచి వచ్చిన మనిషి బాక్టీరియా కలుసుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. ఎవరి తోడు ఎవరింటికి వెళ్ళిందో ఆరా తియ్యడం అక్కడ మహా కష్టం.

ఈ గొలుసులో ఎవరెక్కడున్నారో చూడండి. షెడ్డులో గుడ్లు ఏరేది, పెంట ఎత్తేది ఎక్కువగా స్త్రీలు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కుటుంబాలు పిల్లలతో సహా షెడ్డు పక్కనే కాపురం ఉంటాయి. లంక గ్రామాల్లో చేప కడిగేది, ఎండబెట్టేది, బుట్టలో పెట్టుకుని అమ్మేది స్త్రీలు. భీమవరం వైపు షెడ్లలో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తల తీసేది స్త్రీలు. ఇక ఇంట్లో పచ్చి కోడిని కడిగి, కోసి, అదే కత్తిపీట మీద ఉల్లిపాయలు తరిగేది మనమే. బాగా ఉడికిన కూరలో బాక్టీరియా బతకదు. కాబట్టి తినేవాళ్ళకంటే వండేవాళ్ళకి, వండేవాళ్ళకంటే పెంచేవాళ్ళకి ప్రమాదం ఎక్కువ. పనిలో స్త్రీల వాటా ఎక్కువున్న చోటే ఈ ప్రమాదం కూడా ఎక్కువుంది. 

మరి ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదా? చేశాయి. ఏం చేశాయో జాగ్రత్తగా చూడాలి. 2002 ప్రాంతంలో మన రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ల అవశేషాలు కనిపించి యూరప్ దేశాలు సరుకు ఆపినప్పుడు పెద్ద కలకలం రేగింది. రొయ్యల సాగులో యాంటీబయాటిక్స్, ఇతర మందులు కలిపి ఇరవై రకాలని నిషేధించారు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ పరీక్ష కేంద్రాలు పెట్టింది. రొయ్య పట్టుబడికి ముందే శాంపిల్ తీస్తారు. 2016లో యూరప్ మన రొయ్యల్లో ప్రతి వంద సరుకుల్లో యాభైటిని పరీక్షిస్తామంది. అంతకుముందు అది పది. ఎగుమతయ్యే రొయ్యకి అంత పహరా ఉంది.

2012లో, పశువుల మందు డబ్బాల మీద 'ఆపాల్సిన గడువు' రాయాలని నియమం పెట్టారు. అంటే మందు ఆపాక ఎన్ని రోజులకి గుడ్డు, మాంసం అమ్మాలో రాయాలి. ప్రత్యేకంగా గడువు తేలని మందులకి గుడ్లకైతే కనీసం ఏడు రోజులు, మాంసానికైతే ఇరవై ఎనిమిది రోజులు. 2019 జూలైలో కొలిస్టిన్ అనే మందుని ఆహారం కోసం పెంచే జంతువులకి వాడకుండా కేంద్ర ఆరోగ్యశాఖ నిషేధించింది. ఏ మందూ పనిచెయ్యని రోగికి డాక్టర్లు చివరగా వాడేది కొలిస్టిన్. దాన్ని తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్ మీద ప్రయాణిస్తోందని 2015లో చైనా శాస్త్రవేత్తలు పందుల్లో, మాంసంలో, రోగుల్లో కనిపెట్టి చెప్పారు. అలాంటి మందుని మన దేశంలో కోళ్ళ బరువు పెంచడానికి అమ్ముతున్నారని 2018లో పత్రికలు బయటపెట్టాయి. నిషేధం వచ్చింది ఆ తర్వాతే. 2025లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్లని కూడా ఆహార జంతువుల పెంపకంలో వాడకుండా నిషేధించారు. ఇవన్నీ మంచి చర్యలే, అమలు కోసం మనం గట్టిగా అడగాలి.

కానీ ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఎగుమతి పరీక్షలూ, గడువు నియమాలూ ప్రధానంగా చూసేది అవశేషాన్ని, అంటే మాంసంలో మిగిలిన మందుని. గడువు పాటిస్తే మందు ఒంట్లోంచి పోతుంది. మందుని తట్టుకునేలా మారిన బాక్టీరియా మాత్రం పోదు. అది పెంటలో, షెడ్డు నేలలో, నీళ్ళలో, చేతుల మీద ఉంటుంది. అవశేష పరీక్ష కొనుక్కునేవాడి నోటిని కాపాడటానికి పుట్టింది. పనిచేసేవాళ్ళ చేతులు దాని లెక్కలోనే లేవు. బాక్టీరియాని పరిశీలించే వ్యవస్థలు కూడా దేశంలో ఉన్నాయి. భారత వైద్య పరిశోధనా మండలి వాళ్ళది ఆసుపత్రి రోగి నమూనాతో మొదలవుతుంది. వ్యవసాయ పరిశోధనా మండలి వాళ్ళది కోడి, చేప, పశువు నమూనాలతో మొదలవుతుంది. ఒకవైపు కోడి, ఇంకోవైపు రోగి. రెండింటికీ మధ్య నిలబడి పెంట ఎత్తుతున్న మనిషికి మాత్రం అక్కడ గడి లేదు.

గడి ఉండటం సాధ్యమేనా? సాధ్యమే. 2004లో నెదర్లాండ్స్‌లో గుండె దగ్గర ఆపరేషన్ కోసం ఆరు నెలల పాపని ఆసుపత్రిలో చేర్చారు. ముందు జాగ్రత్తగా చేసిన పరీక్షలో చాలా మందులకి లొంగని స్టాఫ్ బాక్టీరియా ఆ పాపలో బయటపడింది. ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆరా తీస్తే తల్లిదండ్రులు పందుల పెంపకందార్లు. పందుల్ని, పెంపకందార్లని పరీక్షిస్తే అందరికీ అర్థమైంది. తర్వాత రెండేళ్ళలో అక్కడ ఆసుపత్రుల నియమాలే మార్చారు. ఆసుపత్రిలో చేరేటప్పుడు "మీరు పందులతో పనిచేస్తారా?" అని అడుగుతారు, అవునంటే పరీక్ష చేస్తారు. మన కార్మికురాలిని ఎవరూ అడగని ప్రశ్న అక్కడ అధికారికంగా అడుగుతున్నారు. అక్కడ కూడా ఈ మార్పు కార్మికులని తప్పుపట్టడానికి కాకుండా కాపాడటానికి ఉపయోగపడేలా చూడటం ముఖ్యం. మనకైతే మరీను. పరీక్షలో తేలితే పనిలోంచి తీసేస్తారన్న భయం ఉన్నచోట ఎవరూ పరీక్షకి రారు.

స్త్రీల శరీరాలకి ఇది ఇంకో విధంగా కూడా ముఖ్యం. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు మగవాళ్ళకంటే స్త్రీలకి చాలా ఎక్కువ, వాటిలో ఎక్కువ భాగానికి కారణం ఈ-కోలై. అమెరికాలో ఫ్లాగ్‌స్టాఫ్ అనే పట్టణంలో షాపుల్లోని కోడి మాంసాన్నీ, ఆసుపత్రికొచ్చిన రోగుల మూత్రాన్నీ పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, రెండింట్లోనూ ఒకే రకం ఈ-కోలై ఉందని 2018లో ప్రచురించారు. మన ఫారాల్లో, పీలింగ్ షెడ్లలో మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా వెళ్ళనివ్వరు. స్త్రీలు నీళ్ళు తాగకుండా, మూత్రం ఆపుకుని పనిచేస్తారు. ఆపుకుంటే ఇన్ఫెక్షన్, ఇన్ఫెక్షన్‌కి మాత్ర, మాత్రకి లొంగని బాక్టీరియా. మరుగుదొడ్డి కోసం మనం చేసే పోరాటం ఇప్పుడు మందులు బతికించుకునే పోరాటం కూడా.

ఇక కాన్పులు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు. ఇన్ని కోతల అవసరం ఉందా అన్నది వేరే సదస్సుకి సరిపడే ప్రశ్న. కానీ ప్రతి కోత వెనకా ఒక యాంటీబయాటిక్ ఉంది. అది పనిచెయ్యని రోజున మన అమ్మమ్మల కాలంలో లాగా బాలింత జ్వరాలు మళ్ళీ వస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన పసిబిడ్డకి వచ్చే రక్తపు ఇన్ఫెక్షన్‌కి కూడా ఈ మందులే దిక్కు. మందులకి లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఇందులో పశువుల పెంపకం ఒక్కటే కారణం కాదు. ఆసుపత్రుల్లో విచ్చలవిడి వాడకం, మందుల కంపెనీల వ్యర్థాలు, మురుగు, అన్నీ ఉన్నాయి. కానీ మన జిల్లాల్లో మన కళ్ళ ముందున్న భాగం ఇది.

ఇక్కడ మూడు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, ఇదంతా విని "గుడ్డు మానేద్దాం" అనకండి. అంగన్‌వాడీలో గర్భిణికీ, బడిలో పిల్లకీ దక్కుతున్న మంచి ఆహారం గుడ్డు. గుడ్డు తినకూడదని చెప్పడానికి కాచుక్కూచున్నవాళ్ళు దేశంలో చాలామంది ఉన్నారు, వాళ్ళ కారణాలు వేరు. మనం అడిగేది మందుల్లేని గుడ్డు. రెండు, చిన్న రైతుని దోషిగా నిలబెట్టకండి. పిల్లలూ, మేతా, మందూ కంపెనీయే ఇచ్చి కిలోకి ఇంతని కూలి కట్టే ఒప్పంద పెంపకంలో మేత బస్తాలో ఏముందో రైతుకే తెలియదు. మూడు, "శుభ్రంగా ఉండండి" అని స్త్రీలకి పాఠం చెప్పి ఊరుకోకండి. చేతులు కడుక్కోవాలి, నిజమే. ముందు నీళ్ళూ సబ్బూ ఎవరివ్వాలి?

2020 డిసెంబరులో ఈ ఏలూరులో ఏం జరిగిందో మీలో చాలామంది కళ్ళారా చూశారు. ఉన్నట్టుండి మనుషులు మూర్ఛతో పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రిపాలయ్యారు, ఒకరు చనిపోయారు. రోజుల్లోనే ఢిల్లీ నుంచీ హైదరాబాదు నుంచీ పెద్ద సంస్థలన్నీ వచ్చి వాలాయి. రక్తం, నీళ్ళు, పాలు, కూరగాయలు, అన్నీ పరీక్షించారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, పురుగుమందుల అవశేషాల మాట వచ్చింది. మనిషి వీధిలో పడిపోతే ప్రభుత్వం పరుగెత్తుకొస్తుందని అప్పుడు తెలిసింది. మందులకి లొంగని బాక్టీరియా వీధిలో పడెయ్యదు. అది ఇంట్లో మంచం మీద, కాన్పుల వార్డులో, తాకట్టు కొట్టులో ఒక్కొక్కరినీ విడివిడిగా పడేస్తుంది. విడివిడిగా ఉన్న బాధల్ని ఒక్కచోట చేర్చి ఇది సామూహిక సమస్య అని చూపించడమే కదా స్త్రీల ఉద్యమాలు మొదట్నుంచీ చేస్తున్న పని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా మీద తిరగబడినప్పుడు, "అది మీ ఇంటి గొడవ" అన్నవాళ్ళకి చెప్పిన జవాబు అదే. 2016లో భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థాల గురించి 144 సెక్షన్ మధ్య ప్రశ్నించిన స్త్రీలు కూడా ఆ పనే చేశారు.

ఇక మనం చెయ్యగలిగినవి. మొదటిది, ఈ వారం నుంచే మొదలుపెట్టగలిగింది. మీ సంఘంలో ఎవరు ఆసుపత్రికి వెళ్ళినా, చేసే పని ఏమిటో ఓ.పి. చీటీ మీద రాయించండి. "కోళ్ళ ఫారం కూలి", "రొయ్యల షెడ్డు" అని రాయించండి. ఈ రెండు మాటలకి చట్టంలో విలువ ఉంది. 1923 నాటి నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో, జంతువులతో, వాటి కళేబరాలతో చేసే పనిలో సోకే అంటువ్యాధులు వృత్తిరోగాల జాబితాలో ఉన్నాయి. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ జాబితా కొనసాగింది. హక్కు కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. దాన్ని అడగడానికి కావలసిన రుజువే మన చీటీల మీద లేదు.

రెండోది, మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్ఫెక్షన్‌కి కల్చర్ పరీక్ష ఏరియా ఆసుపత్రిలో ఉచితంగా, వెంటనే జరగాలని అడుగుదాం. పరీక్ష లేకుండా మూడో కోర్సు మాత్రలు వద్దందాం. మూడోది, మేత బస్తా మీద అందులో కలిపిన ప్రతి మందు పేరూ తెలుగులో ఉండాలి. ఫారంలో మందు వాడితే పశువైద్యుడి చీటీ, రిజిస్టరు ఉండాలి. వాటిని చూపమని సమాచార హక్కు చట్టం కింద పశుసంవర్ధక శాఖని తనిఖీల వివరాలు అడగొచ్చు. నాలుగోది, తొడుగులు, బూట్లు, సబ్బు, నీళ్ళు, మరుగుదొడ్డి యజమాని ఖర్చుతో ఉండాలి. పెంటని మాగబెట్టాకే ఫారం దాటించాలి. ఐదోది, కోడికీ చేపకీ చేసే పరీక్షల్లో కార్మికులకీ చోటు ఉండాలి. వాళ్ళ సమ్మతితో, ఫలితం వాళ్ళ చేతికే ఇచ్చి, ఉద్యోగం పోదన్న హామీతో.

ఆ రిపోర్టు చూపించినామె దగ్గరికి మొన్న మళ్ళీ వెళ్ళాను. ఆర్ అంటే ఏమిటో, తోడు సంగతి చెప్పి వివరించాను. ఆమె విని, "అయితే మా షెడ్డులో పదకొండు మందిమి ఉన్నామండి, మా అందరికీ ఈ పరీక్ష చేయిస్తారాండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు. కాగితం వెనక పదకొండు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఎన్నేళ్ళుగా ఆ పని చేస్తున్నారో రాయించింది. ఆ కాగితం నా సంచిలో ఉంది. సాయంత్రం చర్చలో దాన్ని మీ ముందు పెడతాను, ముందు ఎక్కడికి తీసుకెళ్దామో మీరే చెప్పండి.